దళం: ముక్క, రేకు, సేన

నాదర్‌గుల్‌లో డిగ్రీ చదువుతున్న కొందరు విద్యార్థులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "దళం, దళితుడు - ఈ రెండూ ఒకే మాటలోంచి వచ్చినయా? వస్తే ఒకటి తుపాకి పట్టిన మాట ఎట్లయింది, ఇంకోటి దెబ్బ తిన్న మాట ఎట్లయింది?" ఈ ప్రశ్న వెనక ఇంకో సందేహం కూడా ఉంది. "దళితులమని మనకు మనమే చెప్పుకుంటే ఓడిపోయినోళ్ళమని ఒప్పుకున్నట్టే కదా?" అన్నది ఆ సందేహం. హాస్టళ్ళలో, సంఘాల మీటింగుల్లో ఇది తరచుగా వినపడుతూనే ఉంటుంది. దీనికి ఆవేశంతో జవాబు చెప్పడం తేలిక. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లో ఏ పనికి వాడబడింది అన్నది చూసి జవాబు చెప్పాలని ఈ వ్యాసంలో ప్రయత్నించాం.

హైదరాబాద్ తూర్పు శివార్లలో ఈ మాట ఎన్ని రకాలుగా వినపడుతుందో ముందు చూద్దాం. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పే చిన్న మైదానం ఉంది. పైన చిన్న విమానం తిరుగుతుంటే పిల్లలు వైమానిక దళం గురించి మాట్లాడుకుంటారు. బాలాపూర్, కంచన్‌బాగ్ వైపు రక్షణ శాఖ పరిశోధన సంస్థలు, కర్మాగారాలు ఉన్నాయి కాబట్టి త్రివిధ దళాలన్న మాట ఇక్కడ కొత్త కాదు. ఎక్కడన్నా నిప్పంటుకుంటే అగ్నిమాపక దళం వస్తుంది. బడిలో సైన్సు పంతులు చిక్కుడు గింజను రెండుగా విప్పి ద్విదళ బీజం అంటాడు. గుళ్ళో తులసి దళం, మారేడు దళం. బట్టల దుకాణంలో దళసరి గుడ్డ. నల్లగొండ జిల్లా నుంచి వలస వచ్చి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల స్థిరపడిన పెద్దవాళ్ళను కదిపితే "దళమొచ్చింది" అన్న మాట గొంతు తగ్గించి చెబుతారు. ఊరి పేరు చివరనున్న 'గుల్' ఉర్దూలో పువ్వు. పువ్వు రేకును కూడా మనం దళమనే అంటాం.

ఒకే మాట ఆకు, రేకు, గింజలో సగం, మందం, సైన్యం ఎట్లా అయింది?

మాట మూలం

సంస్కృతంలో 'దల్' అనే ధాతువు ఉంది. పగలడం, చీలడం, విచ్చుకోవడం దాని అర్థాలు. మట్టి పెళ్ళ పగిలినా అదే మాట, మొగ్గ విచ్చుకున్నా అదే మాట. దాంట్లోంచి వచ్చిన 'దళం' అంటే మొదట చీలిన ముక్క, భాగం, సగం. చెట్టు నుంచి విడివడేది ఆకు కాబట్టి ఆకు దళమైంది. మొగ్గ విచ్చుకుంటే విడివిడిగా కనపడేవి రేకులు కాబట్టి రేకు దళమైంది. హిందీవాళ్ళ 'దాల్' కూడా ఈ కుటుంబంలోదే. కందిగింజను విసిరి రెండు బద్దలు చేస్తే వచ్చేది దాల్, అంటే మన పప్పు. మరాఠీలో 'దళణె' అంటే తిరగలిలో వేసి విసరడం. తెలుగులో 'దళం' అంటే మందం అనే అర్థం కూడా ఉంది, దళసరి అన్న మాట అక్కడిదే.

ఇక 'దళిత' సంగతి. వ్యాకరణంలో ఇది ఆ ధాతువు నుంచి వచ్చిన కర్మణి రూపం. పఠితం అంటే చదవబడినది, లిఖితం అంటే రాయబడినది. దళితం అంటే అట్లాగే చీల్చబడినది, నలపబడినది. ఇట్లాంటి మాటలో పని ఉంటుంది, పని జరిగిన వస్తువు ఉంటుంది. చేసినవాడి పేరు మాత్రం మాటలో ఉండదు. 'రాయబడిన ఉత్తరం' అనగానే రాసిందెవరని అడగాల్సి వస్తుంది. దళితుడనే మాట వినగానే కూడా దళించిందెవరు అన్న ప్రశ్న రావాలి. హరిజనుడన్న మాటకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ఆ మాటలో ఎవరూ ఎవరినీ ఏమీ చెయ్యలేదు, అక్కడ అడగడానికి ప్రశ్నే లేదు. దళిత అన్న మాట మాత్రం తన వెనక ఒక నేరం ఉందని చెబుతుంది. కాబట్టి అది ఓటమి ఒప్పుకోలు అనుకోవడం సరికాదు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసే మనిషి తనకు తగిలిన దెబ్బల్ని లెక్క చెబుతాడు. అట్లా చెప్పడం దెబ్బల్ని ఒప్పుకోవడమవుతుందా?

ఇంకో చిన్న విషయం. పాత సంస్కృత వాడుకలో 'దళిత'కు వికసించిన అనే అర్థం కూడా ఉంది. విచ్చుకున్న పువ్వు కూడా దళితమే. ఈ అర్థం చూపించి సంతోషపడిపోవడం మాకిష్టం లేదు. నలగడం వేరు, వికసించడం వేరు. ధాతువులో రెండూ ఉన్నాయని తెలిసి ఉంటే చాలు.

ధ్వని దగ్గరగా ఉన్న మాటలన్నిటినీ ఒకే చెట్టుకు కట్టెయ్యడం మన ఉపన్యాసాల్లో కనపడే అలవాటు. దళారి అన్న మాటకు దళంతో సంబంధం లేదు, అది అరబ్బీ 'దల్లాల్' నుంచి వచ్చింది. దండోరాకు కూడా దండుతో చుట్టరికం లేదు. అది హిందీలోని డప్పు చాటింపు మాట. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా తన పేరు పెట్టుకున్నది ఆ చాటింపు నుంచే. ఊరి పెద్దల కబురు చాటడానికి డప్పు పట్టిన చేతులు తమ కబురు తామే చాటుకున్నాయి. ఆ గొప్పతనం చెప్పుకోవడానికి లేని చుట్టరికం కల్పించాల్సిన అవసరం లేదు. మన ఇండ్లలో నిఘంటువులు లేవు. ఉన్నచోటికి వెళ్ళి చూసే అలవాటు మనమే చేసుకోవాలి.

ఆకు సైన్యమెట్లా అయింది

సైన్యాన్ని చెట్టూచేమల మాటలతో పిలవడం సంస్కృతంలో దళంతోనే మొదలు కాలేదు. 'గుల్మం' అంటే పొద. సైన్యంలో ఒక విభాగానికి కూడా గుల్మమనే పేరు. 9 రథాలు, 9 ఏనుగులు, 27 గుర్రాలు, 45 మంది కాల్బలం కలిస్తే ఒక గుల్మం. దానికి కింద సేనాముఖం, దానికీ కింద పత్తి. పత్తి అంటే ఒక రథం, ఒక ఏనుగు, 3 గుర్రాలు, అయిదుగురు కాలిబంట్లు. ఇట్లా పెరుగుతూ పెరుగుతూ అక్షౌహిణి దాకా పోతుంది. ఈ లెక్కంతా రథమూ ఏనుగూ ఉన్నవాడి లెక్క. కాలిబంటు అందులో అన్నిటికన్నా చివర.

దళానికి ఈ పట్టికలో చోటు లేదు. దళమంటే పెద్ద సైన్యంలోంచి ఒక పని కోసం విడదీసిన ముక్క. దానికి అంకె లేదు. అయిదుగురున్నా దళమే, అయిదు వేలున్నా దళమే. రథం, ఏనుగు ఉండాలన్న షరతు కూడా లేదు. అందుకే కాబోలు ఏనుగులు పోయినా, రాజులు పోయినా ఈ మాట మిగిలింది. విజయనగర కాలం నుంచి తెలుగు, కన్నడ, తమిళ నేలల మీద సేనానాయకుణ్ణి దళవాయి అన్నారు. 18వ శతాబ్దంలో మైసూరు దళవాయిలు రాజుల్ని పేరుకు కూర్చోబెట్టి తామే పాలించారు. ఈ పదవి పేరు తర్వాత కొందరికి ఇంటిపేరుగా కూడా మిగిలింది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ముక్కగా ఉండటం సైన్యంలో బలహీనత కాదు. పని కోసం విడదీయబడిన ముక్కకు నాయకుడుంటాడు, పని ఉంటుంది, ఎప్పుడు తిరిగొచ్చి కలవాలో తెలిసి ఉంటుంది. విసురురాయి కింద పడ్డ గింజకు ఇవేవీ లేవు. రెండూ చీలికలే. చీల్చింది ఎవరు, ఎందుకోసం అన్న దగ్గర తేడా వస్తుంది.

పక్కింటి మాటలు

తెలుగులో సైన్యానికి ఇంకా చాలా మాటలున్నాయి. వాటి పక్కన పెట్టి చూస్తే దళం స్వభావం ఇంకా బాగా తెలుస్తుంది.

'దండు' సంస్కృత 'దండం' నుంచి వచ్చింది. దండమంటే కర్ర, శిక్ష, సైన్యం. దండన, దండుగ అన్న మాటలు కూడా ఆ ఇంటివే. అర్థశాస్త్రంలో రాజ్యానికి చెప్పిన ఏడు అంగాల్లో సైన్యం పేరు దండమే. అంటే దండులో కొట్టే కర్ర ఉంది, ఆ కర్ర రాజు చేతిలో ఉంది. జనం ఆ మాటను మిడతలకు ఇచ్చారు. వచ్చి పంటంతా తినిపోయేదాన్ని మిడతల దండు అన్నారంటే, రాజుల దండులు ఊళ్ళ మీదుగా పోయినప్పుడు రైతుకూలీలకు ఏమనిపించిందో ఊహించొచ్చు.

'లష్కర్' పారశీక మాట. సికింద్రాబాద్‌ను మన పెద్దలు ఇప్పటికీ లష్కర్ అంటారు, అక్కడి బోనాలు లష్కర్ బోనాలు. ఇంగ్లీషు పటాలాలు దిగిన చోటు 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఊరైంది. 'పటాలం' కూడా బయటి నుంచి వచ్చిందే, యూరపు వాళ్ళ బెటాలియన్ మన నోట్లో పటాలమైంది. ఊళ్ళో వెట్టి తప్ప ఇంకో పని దొరకని కులాలకు పటాలం దగ్గరి పనులు కూలి డబ్బులిచ్చే పనులు. తెల్లవాడి మీద ప్రేమతో ఎవరూ పోలేదు. దొర గడి నుంచి బయటపడే దారి అది.

'మూక' మన పాత తెలుగు మాట. కావ్యాల్లో మూకలంటే సైన్యం, కాల్మూకలంటే కాలినడక సైనికులు. ఈ రోజు మూక అంటే అల్లరిమూక, మూకదాడి. సైన్యంలో అందరికన్నా కింద నడిచినవాళ్ళ పేరు చివరికి తిట్టుగా మిగిలింది. అంబేద్కర్ 1920 జనవరి 31న మొదలుపెట్టిన పత్రిక పేరు మూక్‌నాయక్. అక్కడి మూక సంస్కృతం మాట, నోరులేనివాడని అర్థం. తెలుగువాడు తొందరలో చదివితే గుంపుకు నాయకుడనుకుంటాడు. రెండు మాటలకు సంబంధం లేదు, కానీ నోరు లేదనో, గుంపు అనో పిలవబడ్డ జనం ఒక్కరే.

పేరు పెట్టడంలో రాజకీయం ఎంత ఉంటుందో ఇక్కడే తెలుస్తుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినవాళ్ళు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినవాళ్ళు కట్టుగా, ఆయుధాలతో వచ్చారు. అట్లాంటి దాడుల్ని 'రెండు వర్గాల మధ్య ఘర్షణ' అని రాయడం మనకు తెలిసిన సంగతే. వాడ జనం రోడ్డు మీద కూర్చుంటే మాత్రం గుంపు అవుతారు, మూక అవుతారు. ఎవరి కూడిక సైన్యం, ఎవరి కూడిక మూక అన్నది తలకాయల లెక్కను బట్టి తేలదు. పేరు పెట్టే అధికారం ఎవరి చేతుల్లో ఉందో దాన్ని బట్టి తేలుతుంది.

చివరిది 'బలగం'. పెండ్లికీ చావుకూ వచ్చేది బంధుబలగం. పోలీసులు వస్తే భద్రతా బలగాలు. చుట్టరికానికీ సైన్యానికీ ఒకే మాట ఉండటం మన సమాజానికి అద్దం. ఇక్కడ బలమంటే పుట్టుకతో వచ్చిన చుట్టాల బలం. ఊళ్ళో ఒక భూస్వామి కోపగిస్తే అతని వెనక నిలిచేది అతని బలగం, అంటే అతని కులం. బలగంలో చేరడానికి దరఖాస్తు లేదు, పుట్టాలి. దళంలో ఎవరూ పుట్టరు, వచ్చి చేరాలి. మా దృష్టిలో ఈ రెండు మాటల మధ్య అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఇదే. కులం బలగం లాంటిది. కులాన్ని ఎదిరించే సంఘానికి దళం లాంటి రూపమే కావాలి. పుట్టుకను అడగని కూడిక అయితేనే అది కులానికి ఎదురు నిలుస్తుంది.

విరిగిన మనుషులు, కావలి పని

దళితుడికీ సైన్యపు పనికీ ఉన్న సంబంధాన్ని మాటల స్థాయి దాటి చరిత్రలో వెతికినవాడు అంబేద్కర్. అంటరానివాళ్ళెవరు అన్న ప్రశ్న మీద 1948లో వచ్చిన పుస్తకంలో ఆయన ఒక ప్రతిపాదన చేశాడు. పూర్వం తెగల మధ్య యుద్ధాల్లో ఓడి చెల్లాచెదురైన తెగల ముక్కలే 'విరిగిన మనుషులు'. అప్పటికే స్థిరపడి వ్యవసాయం చేసుకుంటున్న ఊళ్ళకు దోపిడీ తెగల భయం ఉంది. విరిగినవాళ్ళకు తిండి, నీడ లేదు. కాబట్టి వీళ్ళు ఊరికి కావలి కాయాలి, దానికి బదులుగా ఊరు తిండి పెట్టాలి. కావలి కాసేవాళ్ళు పొలిమేరలోనే ఉండాలి కాబట్టి వీళ్ళ ఇండ్లు ఊరి బయటనే ఉన్నాయి. అంటరానితనం ఆ తర్వాత ఎప్పుడో వచ్చి మీద పడిందని ఆయన వాదం.

ఇది ఆయన ప్రతిపాదన, దీని మీద చర్చ ఉంది. అయితే మన మాటకు మూడు అర్థాలూ ఇందులో ఒకచోట కలవడం చూడండి. విరిగిన ముక్క, కావలి కాసే సైనికుడు, అణచబడ్డ మనిషి. తెలంగాణ ఊళ్ళలో కావలికారు, బేగారి లాంటి పేర్లతో ఊరిని కాసినవాళ్ళు మాలమాదిగలే. ఊరి మీదికి ఆపద వస్తే ముందు ఎదురుపడేది వాళ్ళు. ఊరు మాత్రం వాళ్ళను రక్షకులనలేదు, వెట్టివాళ్ళన్నది.

సైన్యంలోనూ ఇదే జరిగింది. 1818 జనవరి 1న కోరేగావ్‌లో ఇంగ్లీషు కంపెనీ తరపున పీష్వా సైన్యాన్ని ఎదిరించిన దళంలో మహర్ సిపాయిలున్నారు. 1927 జనవరి 1న అంబేద్కర్ ఆ స్తంభం దగ్గరికి వెళ్ళి తనవాళ్ళకు అది గుర్తుచేశాడు. ఆయన తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు, ఆయన పుట్టింది 1891లో మౌ కంటోన్మెంటులో. మద్రాసు సైన్యంలో పరయలు, తెలుగువాళ్ళు చాలా కాలం సిపాయిలుగా ఉన్నారు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయికి 'తిలంగా' అనే పేరే స్థిరపడింది. మన నేల పేరు అక్కడ సిపాయికి పేరైంది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇంగ్లీషు సేనాధిపతులు 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకొచ్చారు. కొన్ని కులాలకే వీరత్వం ఉంటుందట. తెలుగువాళ్ళ భర్తీ తగ్గించారు, 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆపేశారు. నిన్నటిదాకా యుద్ధం చేసినవాళ్ళు ఒక కాగితంతో యుద్ధానికి పనికిరానివాళ్ళైపోయారు. మహర్ రెజిమెంటు 1941లో గాని రాలేదు.

ఈ అనుభవంలోంచే సమతా సైనిక్ దళ్ పుట్టింది. 1927లో మహద్ చెరువు నీళ్ళ కోసం జరిగిన పోరాట కాలంలో అది రూపం తీసుకుంది. సర్కారు సైన్యం వద్దన్న మనుషులు తమ సభలకు తామే కావలి కాసుకున్నారు. ఊరి కోసం కాసిన చేతులు మొదటిసారి తమ కోసం కాశాయి. పేరులో మాటల వరస గమనించండి: ముందు సమత, తర్వాత సైనికుడు, చివర దళం. ఎందుకోసమన్నది ముందు చెప్పి, ఎట్లా అన్నది తర్వాత చెప్పారు. 1942 జూలైలో నాగపూర్‌లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ ఏర్పడిన సభల్లోనే మహిళల మహాసభ, సమతా సైనిక్ దళ్ మహాసభ కూడా జరిగాయి. హైదరాబాద్ దళిత నాయకుడు బి.శ్యాంసుందర్ 1968లో గుల్బర్గాలో భీమ్‌సేన స్థాపించినప్పుడు కూడా ఆయన ముందున్న ప్రశ్న ఆత్మరక్షణే. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ దళిత అన్న మాటను నిలబెట్టి దేశమంతా వినిపించారు.

మన నేల మీద దళం

నల్లగొండ నుంచి వచ్చిన పెద్దలు గొంతు తగ్గించి చెప్పే దళం వేరే కథ. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఈ మాట పల్లెపల్లెకూ చేరింది. గ్రామ రక్షక దళాలు, గెరిల్లా దళాలు వచ్చాయి. పుచ్చలపల్లి సుందరయ్య చెప్పిన లెక్క ప్రకారం గ్రామ దళాల్లో సుమారు 10,000 మంది, గెరిల్లా దళాల్లో సుమారు 2,000 మంది ఉన్నారు. పోరాటం సుమారు 3,000 గ్రామాల్లో సాగింది, 10 లక్షల ఎకరాలు పంచారు, 4,000 మంది దాకా చనిపోయారు. వెట్టి పోవడంలో, భూమి మీద హక్కు అడగడంలో ఈ దళాల పాత్రను తక్కువ చేసి మాట్లాడటం చరిత్రకు అన్యాయం.

కానీ ఒక ప్రశ్న అడగక తప్పదు. దళంలో చేరినవాళ్ళలో వెట్టి కులాల జనం పెద్ద సంఖ్యలో ఉన్నారు. రాష్ట్ర స్థాయి నాయకత్వంలో మాత్రం భూమి ఉన్న కులాలవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. రథం, ఏనుగు, గుర్రం, కాలిబంటు అన్న పాత పట్టిక ఇక్కడ కూడా నీడలా వెంట వచ్చిందా? స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే ఆడవాళ్ళు ఇట్లాంటి ప్రశ్నే తమ వైపు నుంచి అడిగారని తెలుస్తుంది. పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళను పోరాటం అయిపోయాక ఇంటికి పొమ్మన్నారు. దళం పుట్టుకను అడగదని పైన రాశాం. అది మాట స్వభావం. మనుషులు మాత్రం తమ కులాన్నీ మగతనాన్నీ దళంలోకి వెంట తీసుకొస్తారు. దళంలో చేరడం ఒక్కటే చాలదు, దళవాయి ఎవరన్నది కూడా తేలాలి.

1980లో పీపుల్స్‌వార్ ఏర్పడ్డాక దళమన్న మాట మళ్ళీ తెలంగాణ పల్లెల్లోకి వచ్చింది. దళ కమాండర్, దళ సభ్యుడు, దళ సభ్యురాలు అన్నవి పత్రికల్లో రోజూ కనపడే మాటలయ్యాయి. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్‌ను కూడా పత్రికలు ప్రత్యేక దళమనే రాశాయి. ఒకే వార్తలో కాల్చినవాళ్ళూ దళమే, చనిపోయినవాళ్ళూ దళమే. ఆ రెండు దళాల్లోనూ పేద కులాల పిల్లలున్నారన్నది ఆ వార్తల్లో కనపడని విషయం. ఏ పక్షం రాజకీయం ఒప్పు అన్న చర్చ వేరే చెయ్యాలి. ఇక్కడ మాటను పట్టుకుని మేం చెప్పేది ఒకటే. సైన్యం ఎవరిదైనా మొదటి వరసలో నిలబెట్టేది మనల్నే.

హిందీలో దళ్ అంటే పార్టీ కూడా. 1988లో జనతాదళ్ వచ్చింది. 1985లో ఫిరాయింపులను ఆపడానికి చేసిన చట్టాన్ని ఉత్తరాదిలో దళ్-బదల్ చట్టమంటారు. 1984లో మొదలైన బజరంగ్ దళ్ ఇదే మాటను మతానికి తగిలించింది. ఈ రోజు మన వాడల పిల్లలు ఎన్నో రకాల దళ్‌లలో జెండాలు మోస్తున్నారు, ఊరేగింపుల్లో ముందు నడుస్తున్నారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. ఆ పిల్లలకు పని, గౌరవం, పదిమందిలో ఒకడిననే ధైర్యం కావాలి, ఎవరో అవి ఇస్తామన్నారు. మనం ఇచ్చామా అని అడుగుకోవాలి. ఏ దళంలో చేరబోయే పిల్లవాడికైనా మనం మూడు ప్రశ్నలు నేర్పాలి. ఇది ఎవరికి కావలి కాస్తుంది? ఆజ్ఞ ఇచ్చేదెవరు? దెబ్బ తగిలితే నా ఇంటికి వచ్చేదెవరు?

చీలిక, వాటా

ఈ మధ్యకాలంలో మన మధ్యనే ఎక్కువ వేడి పుట్టించిన మాట చీలిక. ఎస్సీ వర్గీకరణ అడిగినప్పుడల్లా దళితుల్ని చీలుస్తున్నారన్న మాట వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల 15 శాతం మూడు భాగాలైంది: ఒక శాతం, 9 శాతం, 5 శాతం. లెక్కల మీద, పద్ధతి మీద మాల సంఘాలకూ ఇతర చిన్న కులాలకూ అభ్యంతరాలున్నాయి. వాటిని వినాల్సిందే.

కానీ చీలిక అన్న ఒక్క మాటతో చర్చను ముగించలేం. దళమంటే భాగమని, వాటా అని కూడా చూశాం. తిరగలి చేసిన ముక్కలు వేరు, పంచుకున్న వాటాలు వేరు. మాల, మాదిగ, డక్కలి, చిందు అంటూ మెట్లు కట్టి మనల్ని విరగ్గొట్టింది తిరగలి. ఆ మెట్లు ఉన్నాయని ఒప్పుకుని, అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉన్నవాళ్ళకు కూడా గింజ అందేట్టు చూడటం పంచుకోవడం. అందరం ఒకటే అంటూ వాటా అడిగినవాళ్ళ నోరు మూస్తే అది బలగం పద్ధతి, అక్కడ పెద్దవాడి మాటే అందరి మాట. వాటాలు తేల్చుకుని, ఎవరి నాయకత్వం వాళ్ళు నిలబెట్టుకుని, దాడి జరిగిన రోజున కలిసి నిలబడటం దళాల పద్ధతి. ఈ రెండో పద్ధతి మనకింకా పూర్తిగా రాలేదు. వాటాల దగ్గర కొట్టుకున్న మాటల వేడి, ఇంకో ఊళ్ళో దాడి జరిగినప్పుడు కలిసి పోకుండా అడ్డుపడుతున్నది. మన ముందున్న అసలు కష్టం అది.

విద్యార్థుల ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. దళం, దళితుడు ఒకే మాట బిడ్డలే. దళితుడు అన్నది మనకు జరిగినదాన్ని చెబుతుంది, చేసినవాణ్ణి వెతకమంటుంది. దళం అన్నది జరిగినదాని తర్వాత మనం ఏం చెయ్యొచ్చో చెబుతుంది. మొదటి మాటను వదిలేస్తే నేరం మరుగున పడుతుంది. రెండో మాటను ఇతరులకు వదిలేస్తే మన పిల్లలు వాళ్ళ వరసల్లో కాలిబంట్లుగా మిగిలిపోతారు.

ఉపాధ్యాయులకు ఒక సూచన. ద్విదళ బీజం పాఠం చెప్పే రోజున గింజను విప్పి చూపిస్తారు కదా. ఆ రెండు బద్దల మధ్యనే మొలక ఉంటుంది, అది పెరగడానికి కావాల్సిన తిండి ఆ బద్దల్లోనే ఉంటుంది. దళమన్న మాటను, దళిత అన్న మాటను పక్కపక్కన బోర్డు మీద రాసి, రెండిటికీ ఉన్న సంబంధం చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. వెనక బెంచీలో ఆ రెండో మాట వినగానే తల దించుకునే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. పాఠం వాళ్ళకు అందేట్టు చెప్పండి.